సన్‌బాయ్ గుర్రాలు పోయిన వేసవి

(డాలస్ దగ్గర తెలుగు పాఠకులు నెలకోసారి కలుసుకునే ఒక ఇంటి సమావేశంలో చేసిన ప్రసంగానికి రాతరూపం. మాట్లాడిన ధోరణి చెడకుండా అక్కడక్కడా సర్దాం.)

అందరికీ నమస్కారం. ఓక్లహోమాలోని నార్మన్ నుంచి మూడు గంటలు కారు నడుపుకుంటూ వచ్చాను. దారిలో రెడ్ రివర్ దాటాలి కదా. మనలో చాలామందికి ఆ నది అంటే అవతలి ఒడ్డున ఉన్న క్యాసినో. (నవ్వులు) నవ్వకండి. ఆ పార్కింగులో మనవాళ్లను నేను చూశాను, వాళ్లూ నన్ను చూశారు. ఇవాళ నేను చెప్పబోయే మనిషి హాంగూవా, కయోవా అనే అమెరికా ఆదివాసీ జాతి చిత్రకారుడు. ఆయనకు పద్నాలుగేళ్లప్పుడు ఆ నది పేరుతోనే ఒక యుద్ధం జరిగింది. ఆ సంగతికి కాసేపాగి వస్తాను.

ముందు ఒక ప్రశ్న. 1876 వేసవిలో అమెరికాలో జరిగిన పెద్ద సంగతి ఏమిటి? (సభలో ఒకరు: "కస్టర్ చనిపోవడం.") అవును. దేశానికి నూరేళ్లు నిండాయని సంబరాలు చేసుకుంటున్న రోజుల్లోనే, మోంటానాలో లిటిల్ బిగ్‌హార్న్ నది పక్కన లకోటా, షయాన్ జాతుల వీరులు సైన్యాధికారి కస్టర్‌నూ, అతని వెంట ఉన్న ఐదు కంపెనీల సైనికులనూ తుడిచిపెట్టేశారు. స్కూలు పుస్తకాల్లో ఆ వేసవి అంటే అదే.

అదే వేసవికి కయోవా జాతివాళ్లు పెట్టుకున్న పేరు ఏమిటో తెలుసా? "సన్‌బాయ్ గుర్రాలను దొంగలు తోలుకుపోయిన సూర్యనృత్యం." సన్‌బాయ్ అంటే వాళ్లలో ఒక పెద్దమనిషి. సూర్యనృత్యం అంటే వేసవిలో చేసుకునే పెద్ద పూజ. దానికోసం జనమంతా ఒకచోట చేరి ఉండగా ఆయన గుర్రాలు పోయాయి. వాళ్లకు ఆ ఏడాది గుర్తుండిపోయింది దానితోనే. కస్టర్ ఎవరికి కావాలి? ఆయన గొడవ ఎక్కడో ఉత్తరాన, వేరేవాళ్లతో.

నాకు కయోవాల మీద ఆసక్తి పుట్టింది ఈ ఒక్క వాక్యంతో. చరిత్ర అంటే ఏది రాయాలో ఎవరు తేల్చారు అనే ప్రశ్న మనం సెమినార్లలో గంటలకొద్దీ మాట్లాడతాం. వీళ్లు దాన్ని ఏడాదికి రెండు బొమ్మల్లో తేల్చేశారు.

ఆ రెండు బొమ్మల పద్ధతి చెప్తాను. కయోవాల్లో కొందరు క్యాలెండర్ పెట్టుకునేవాళ్లు. తేదీలు, వారాలు ఉండవు. వేసవికి ఒక బొమ్మ, చలికాలానికి ఒక బొమ్మ. ఆ కాలంలో జనమంతా ఒప్పుకునే ఒక్క సంఘటన. చలికాలం రాత్రుళ్లు గుడారంలో నిప్పు చుట్టూ కూర్చుని, పొగ తాగే గొట్టం ఒక చేతి నుంచి ఇంకో చేతికి పోతుంటే, క్యాలెండర్ ఉన్న పెద్దాయన దాన్ని తీసి విప్పేవాడు. బొమ్మ చూసి ఒకరు మొదలుపెడితే పక్కనున్నవాళ్లు అందుకునేవాళ్లు. అంటే బొమ్మ కథంతా చెప్పదు. కథను లేపుతుంది, అంతే.

1833 చలికాలం బొమ్మ: నక్షత్రాలు రాలిన చలికాలం. ఆ ఏడు నవంబర్‌లో లియొనిడ్ ఉల్కలు వానలా కురిశాయి, అమెరికా అంతటా జనం భయపడి బయటికి పరుగెత్తారు. దాదాపు అదే కాలంలో గుంటూరు వైపు నందన కరువు. దాన్నే డొక్కల కరువు అన్నారు. మనవాళ్లూ ఏళ్లను అంకెలతో గుర్తుపెట్టుకోలేదు కదా. మా తమ్ముడు ఎప్పుడు పుట్టాడని అడిగితే మా నాయనమ్మ "ఉప్పెనకు ముందటేడు" అనేది. బడిలో చేర్చేటప్పుడు పంతులుగారు తనకు తోచిన తారీఖు వేసేశారు.

ఇంకొన్ని పేర్లు వినండి. 1879: "గుర్రాలను తిన్న సూర్యనృత్యం." బైసన్, అంటే ఈ దేశపు అడవిదున్నలు, అప్పటికి దాదాపు అయిపోయాయి. తోలు వ్యాపారులు చంపేశారు. సూర్యనృత్యానికి చేరిన జనానికి తినడానికి ఏమీ లేక తమ గుర్రాలనే కోసుకున్నారు. గుర్రం వాళ్లకు ఎంతటిదో తెలిస్తే ఆ బొమ్మ బరువు తెలుస్తుంది. మూడేళ్ల తర్వాత, 1882లో, బైసన్ దొరక్క నృత్యమే జరగలేదు. ఎందుకంటే నడిమి గుంజకు బైసన్ తోలు వేలాడాలి, అది లేనిదే పూజ లేదు. 1887లో టెక్సాస్‌లో గుడ్‌నైట్ అనే పశువుల ఆసామి దగ్గర ఒక బైసన్‌ను తెచ్చుకుని చేశారు. అదే ఆఖరిది. 1890లో పాత తోలు ఒకటి పెట్టి అయినా చేద్దామని సిద్ధమయ్యారు. పంగల గుంజలు పాతారు. ఫోర్ట్ సిల్ అనే సైనిక స్థావరం నుంచి సైన్యం వస్తోందని కబురు అందింది. గుంజలను అలాగే వదిలేసి ఇళ్లకు వెళ్లిపోయారు. ఆ వేసవి పేరు: "పంగల గుంజలు నిలబడి ఉండగా వదిలేసిన సూర్యనృత్యం."

ఆ తర్వాతి చలికాలమే, 1891 జనవరిలో, బోర్డింగ్ స్కూల్ నుంచి ముగ్గురు పిల్లలు పారిపోయారు. టీచరు కొట్టాడని. ఇంటికి నడిచి వెళ్దామనుకున్నారు. మంచు తుపానులో గడ్డకట్టి చనిపోయారు. క్యాలెండర్‌లో అదీ ఉంది.

(కొంచెం నీళ్లు ఇస్తారా. థాంక్స్.)

ఈ పేర్లలో చాలావాటిని మనకు అందించినవాడు జేమ్స్ మూనీ. స్మిత్‌సోనియన్ సంస్థ తరఫున ఆ ప్రాంతాల్లో తిరిగి, 1898లో కయోవా క్యాలెండర్ల మీద పెద్ద పుస్తకం అచ్చు వేశాడు. ఆయన దగ్గర పనిచేసిన చిత్రకారుడే ఇవాళ మన మనిషి. హాంగూవా. ఇంగ్లీషులో సిల్వర్ హార్న్ అన్నారు, వెండి కొమ్ము. 1860లో పుట్టాడు, 1940లో పోయాడు. ఆయన పుట్టిన వేసవిలో సూర్యనృత్యం జరగలేదు. పక్షి పేరున్న ఒక వీరుడు చనిపోయిన వేసవి అని క్యాలెండర్‌లో ఉంది. ఆయన చేతి బొమ్మలు వెయ్యికి పైగా మిగిలాయి. ఆ కాలపు మైదాన జాతుల చిత్రకారుల్లో ఇంత పని మిగిల్చినవాళ్లు దాదాపు లేరు. అయినా ఓక్లహోమా బయట ఆ పేరు తెలిసినవాళ్లు తక్కువ. నార్మన్‌లో పదకొండేళ్లు ఉన్నాక గానీ నాకూ తెలియలేదు, అది వేరే సంగతి.

ఆయన పుట్టింది పెద్ద ఇంట్లో. తండ్రికి మేనమామ వరసో చిన్నాన్న వరసో అయ్యే డోహాసన్ మూడు దశాబ్దాలకు పైగా, 1866లో చనిపోయేదాకా, కయోవాలకు నాయకుడు. ఆ ఇంట్లో క్యాలెండర్ ఉంది. అంతకంటే ముఖ్యం, ఆ ఇంట్లో ఒక గుడారం ఉంది.

ఈ గుడారం దగ్గర కొంచెం ఆగుతాను, ఎందుకంటే నేను చెప్పాలనుకున్నదంతా ఇక్కడే ఉంది. మైదానాల్లో ఉండే జాతులు బైసన్ తోళ్లతో గుడారం కట్టుకుంటాయి, టీపీ అంటారు. అందరి టీపీల మీదా బొమ్మలు ఉండవు. బొమ్మ వేసుకునే హక్కు ఉండాలి. కలలో కనపడి వచ్చిందో, తాతల నుంచి దిగిందో, ఎవరైనా కానుకగా ఇచ్చారో, ఏదో ఒక దారిన ఆ హక్కు రావాలి. తోలు కొన్నేళ్లకు చిరిగిపోతుంది, గుడారం మార్చాల్సిందే. హక్కు మాత్రం పోదు. ఇల్లు కూలినా పట్టా ఉంటుంది కదా, అలాగ.

డోహాసన్ టీపీ 1840ల్లో ఒక షయాన్ నాయకుడు స్నేహంగా ఇచ్చిన కానుక. దానికి ఒక పక్క అడ్డంగా పసుపు చారలు. ఒక్కో చారా మనిషి నష్టం లేకుండా గెలిచి వచ్చిన ఒక్కో దండయాత్ర. డోహాసన్ వాటి మధ్య నల్ల చారలు చేర్చాడు, తన యాత్రలకు గుర్తుగా. వెనక భాగాన నిలువునా చేగొడ్డళ్లు. రెండో పక్క మొత్తం యుద్ధాల బొమ్మలు. గుడారం తోలు మార్చిన ప్రతిసారీ పేరున్న వీరులను పిలిచి, ఎవరి పోరాటం వాళ్లు చెప్పగా బొమ్మలు వేయించేవాళ్లు.

మళ్లీ అంటున్నాను, ఎవరి పోరాటం వాళ్లది. మగవాళ్లు వేసేది మనుషులు, గుర్రాల బొమ్మలు. ఆడవాళ్లు తోలు సంచుల మీద, దుప్పట్ల మీద గీతలతో, త్రికోణాలతో డిజైన్లు వేస్తారు. మగవాడు తన తోలు దుప్పటి మీద వేసుకునే బొమ్మ ఒకరకంగా సాక్ష్యం. ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లు ఇంకా బతికే ఉంటారు. అబద్ధం గీస్తే పక్కవాడు "ఆ రోజు నువ్వెక్కడున్నావురా?" అని అడిగేస్తాడు. అందుకే ఆ బొమ్మల్లో కొండలు, మబ్బులు, వెలుగునీడలు ఏవీ ఉండవు. మనిషి, గుర్రం, ఆయుధం, డాలు మీది గుర్తు, గిట్టల జాడ. కేసుకు అవసరమైనవి మాత్రమే. నేను మొదట్లో ఈ బొమ్మలు చూసి "పిల్లల బొమ్మల్లా ఉన్నాయే, పర్‌స్పెక్టివ్ తెలియదేమో" అనుకున్నాను. ఆ మాట పైకి అన్నాను కూడా, ఒక ఆర్ట్ టీచరు ముందు. ఆవిడ నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. పంచనామాలో పంచరంగుల సూర్యాస్తమయం ఎందుకు లేదని అడిగినట్టుంది నా మాట.

ఇప్పుడు రెడ్ రివర్ దగ్గరికి వద్దాం. 1874, 75ల్లో ఆ యుద్ధం జరిగింది. కయోవాలు, కమాంచీలు, దక్షిణ షయాన్లు ఓడిపోయారు. ఫోర్ట్ సిల్‌లో లొంగిపోయిన కయోవా మగవాళ్లను ఇంకా పైకప్పు వేయని ఐస్ గోదాం గోడల మధ్య పెట్టారు. రోజుకోసారి పచ్చిమాంసం గోడ మీంచి విసిరేవాళ్లు. వాళ్ల గుర్రాలను వందల్లో కాల్చేశారు, మిగిలినవి అమ్మేశారు. తర్వాత వేర్వేరు జాతులవాళ్లను మొత్తం 72 మందిని సంకెళ్లతో ఫ్లోరిడాకు, ఫోర్ట్ మేరియన్ అనే పాత స్పానిష్ కోటకు పంపారు. వాళ్లలో హాంగూవాకు అన్నగారైన ఒహెట్టోయింట్ ఉన్నాడు. మూడేళ్లు. అక్కడి అధికారి ప్రాట్ వాళ్లకు కాగితాలు, రంగు పెన్సిళ్లు ఇచ్చాడు. సముద్రం చూడటానికి వచ్చిన టూరిస్టులు ఆ బొమ్మల పుస్తకాలను రెండు డాలర్లకు ఒకటి చొప్పున కొనుక్కుపోయారు.

తమ్ముడు హాంగూవా ఇంటి దగ్గరే ఉండిపోయాడు. పదిహేనేళ్లవాడు. ఇంకో రెండు మూడేళ్లుంటే అన్నల వెంట దండయాత్రకు వెళ్లేవాడు, పేరు తెచ్చుకునేవాడు, ఆ గుడారం మీద తన బొమ్మ ఉండేది. ఆ తలుపు సరిగ్గా అతని ముఖం మీద మూసుకుంది. చేతిలో ఇంటిల్లిపాదికీ లేని నేర్పు ఉంది. గీయడానికి తనదంటూ ఒక్క యుద్ధం లేదు.

అలాంటివాడు ఏం గీస్తాడు?

నా లెక్క ప్రకారం హాంగూవాను చిత్రకారుణ్ణి చేసింది ఈ ఇబ్బందే. ఆయన ఇతరుల యుద్ధాలు గీశాడు, పెద్దలు చెప్పినవి. అవి చాలక, అంతకుముందు ఎవరూ పెద్దగా గీయనివాటికి వెళ్లాడు. చిట్టా పుస్తకాలు తెలుసుగా, వ్యాపారులు పద్దులు రాసుకునే గీతల కాగితం. బైసన్ తోలు పోయాక అందరూ వాటి మీదే గీసేవాళ్లు. వాటిలో ఆయన ఒక కుర్రాడు, ఒక అమ్మాయి ఒకే దుప్పటి కప్పుకుని నిలబడి మాట్లాడుకోవడం వేశాడు. కయోవాల్లో ప్రేమించుకోవడం అలాగే, అందరి మధ్యా దుప్పటి చాటున. సూర్యనృత్యాన్ని అంచెలంచెలుగా వేశాడు. రాత్రంతా కూర్చుని పెయోటీ అనే మత్తు మొక్క తిని ప్రార్థించే కొత్త మతం అప్పుడే వస్తోంది, ఆ సభల్లో గిలక, ఈకల విసనకర్ర, మధ్యలో నెలవంకలాగ మట్టి దిబ్బ, అన్నీ చూసినవాడిలా వేశాడు. చూసినవాడే, ఆ మతంలో ఉన్నవాడే. ఆ పూజకు కావలసిన ఈకల పని, వెండి పని కూడా చేసేవాడు.

ఆయన బొమ్మను దగ్గరగా చూస్తే మొదట కనపడేది బట్టలు. జడకు చుట్టిన నీటికుక్క బొచ్చు, ఎముక గొట్టాలు వరసగా కూర్చిన ఛాతీ నగ, నెత్తి మీంచి వీపు దాకా వేలాడే వెండి బిళ్లలు పైనుంచి కిందికి చిన్నవవుతూ, కాళ్లకు తోలు కుచ్చులు. పెన్సిల్ మొన ఎంత సన్నగా ఉంటే అంత సన్నగా. ముఖాల మీద మాత్రం పెద్దగా ఏమీ ఉండదు. కయోవా చూసేవాడికి అది చాలు, బట్టలు చూసి ఎవరో పోల్చుకుంటాడు. మన పెళ్లి ఫొటోల్లో చీర చూసి ఎవరి వైపువాళ్లో చెప్పేయరూ, అలాగ.

ఇక్కడ ఒక తమాషా. 1891లో హాంగూవా అమెరికా సైన్యంలో చేరాడు. ఏ రెజిమెంట్‌లో అనుకున్నారు? ఏడో క్యావల్రీ, అంటే ఏడో గుర్రపు దళం. కస్టర్‌ది. ఏ ట్రూప్? ఎల్. లిటిల్ బిగ్‌హార్న్‌లో కస్టర్‌తో పాటు చనిపోయిన ఐదు కంపెనీల్లో ఎల్ ఒకటి. దాన్ని ఇప్పుడు ఫోర్ట్ సిల్‌లో కయోవాలు, కమాంచీలు, అపాచీలతో నింపారు. హ్యూ స్కాట్ అనే అధికారి కింద. మూడేళ్లు పనిచేశాడు. సైనికులు తుపాకీ గురి మార్కులు రాసుకునే పుస్తకం ఒకటి ఉంటుంది, దూరం ఎంత, ఎన్ని తగిలాయి అని గళ్లు గీసి. ఆ పుస్తకంలో ఆయన ఏం గీశాడో చెప్తే మీరు నమ్మరు. సైండే కథలు! సైండే కయోవాల పాత కథల్లో టక్కరివాడు. సూర్యుణ్ణి దొంగిలించి తెచ్చినవాడు, తిండికోసం అందర్నీ మోసం చేసేవాడు, చివరికి తానే బోల్తాపడేవాడు. సర్కారువారి గురి లెక్కల పుస్తకంలో ఆ వెధవ పేజీ పేజీకీ తిరుగుతుంటాడు.

మూనీ 1891లోనే వచ్చాడు. ఆయనకు ఒక పిచ్చి పట్టుకుంది, మంచి పిచ్చే. బొమ్మల టీపీలు, డాళ్లు దాదాపు మాయమైపోయాయి. ఎవరి టీపీ మీద ఏ బొమ్మ ఉండేదో పెద్దవాళ్లు పోయేలోపు రాబట్టాలి, చిన్న సైజులో తోలు మీద మళ్లీ చేయించాలి. ఆ పనికి కుదుర్చుకున్నవాళ్లలో ముఖ్యుడు హాంగూవా. 1904 దాకా ఆ పని సాగింది. అందుకే వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ అరల్లో ఇప్పటికీ బుల్లి టీపీలు ఉన్నాయి, ఎవరి హక్కు ఏదో పేరుతో సహా. మ్యూజియం వాళ్లకు అవి నమూనాలు. నాకైతే రిజిస్ట్రారు ఆఫీసులో పట్టాల కాపీల్లా కనపడతాయి. ఎందుకంటే ఆ పనికి మధ్యలోనే, 1901లో, అసలు భూమి పోయింది. కయోవా, కమాంచీ, అపాచీల రిజర్వేషన్‌ను, అంటే వాళ్లకంటూ కేటాయించిన భూమిని, విడగొట్టి తలకు 160 ఎకరాలు రాసిచ్చి, మిగిలినదాన్ని బయటివాళ్లకు లాటరీ వేశారు. మీరు లాటన్ మీదుగా వెళ్లారా ఎప్పుడైనా? ఆ ఊరు ఆ ఏడాదే పుట్టింది.

హాంగూవా క్యాలెండర్లూ గీశాడు. వాటిలో ఒకటి మా ఊళ్లోనే, నార్మన్‌లో శామ్ నోబుల్ మ్యూజియంలో ఉంది. 1828 నుంచి 1928 దాకా, నూరు వేసవులు. దాన్ని నేను చూసింది అచ్చులోనే. పద్ధతి చాలా సింపుల్. మోడు కనపడితే చలికాలం. పచ్చటి చెట్టు కనపడితే వేసవి. సూర్యనృత్యం జరిగిన వేసవి అయితే చెట్టు బదులు పంగల గుంజ. పేజీలు తిప్పుతుంటే మోడు, గుంజ, మోడు, గుంజ. కొన్నాళ్లకు మధ్యలో పచ్చటి చెట్లు రావడం మొదలవుతుంది. 1890 దాటాక ఇక గుంజ రాదు. చెట్టు, మోడు, చెట్టు, మోడు. పచ్చటి చెట్టు చూసి గుండె బరువెక్కడం నాకు అదే మొదటిసారి.

ఇంకో పది నిమిషాలు. ఆయన తర్వాతి తరం సంగతి చెప్పకపోతే కథ సగమే.

1898లో ఆ కుటుంబంలోనే స్టీఫెన్ మోపోప్ పుట్టాడు. హాంగూవా, ఒహెట్టోయింట్ ఇద్దరూ అతనికి తాతల వరస. పిల్లవాడు పుల్లతో ఇసుకలో బొమ్మలు గీస్తుంటే తాతలు చూశారట. కూర్చోబెట్టి తోలు మీద రంగు వేయడం నేర్పారు, పాత పద్ధతిలో. 1916లో ఒహెట్టోయింట్ ఆ పాత యుద్ధాల టీపీని మళ్లీ నిలబెట్టాడు. బైసన్ తోలు లేదు, కాన్వాస్ గుడ్డ మీద. పసుపు చారలు, నల్ల చారలు, అన్నీ. డోహాసన్ పోయి యాభై ఏళ్లు.

ఈ పిల్లవాడే పెద్దయ్యాక 1927 ప్రాంతంలో మరో ముగ్గురితో కలిసి నార్మన్ యూనివర్సిటీకి వచ్చాడు. స్పెన్సర్ ఆసా, జాక్ హోకియా, మన్రో సాటోకీ, ఇతను. అందరికంటే పెద్ద ఇతనే, అప్పటికి ఇరవై ఎనిమిది. వీళ్లకు బొమ్మలు వేసుకోమని దారి చూపింది ఓక్లహోమాలోని అనడార్కో అనే ఊళ్లో సూసీ పీటర్స్ అనే ప్రభుత్వ ఉద్యోగిని, అక్కడి కాథలిక్ మిషన్ స్కూల్‌లో సిస్టర్ ఒలీవియా టేలర్ అనే చోక్తా జాతి సన్యాసిని. యూనివర్సిటీలో ఆర్ట్ స్కూల్ పెద్ద ఆస్కార్ జాకబ్‌సన్, స్వీడన్ నుంచి వచ్చినవాడు. వీళ్లను మామూలు క్లాసుల్లో కూర్చోబెట్టలేదు, యూరప్ పద్ధతి నేర్పితే వాళ్ల చేయి పాడవుతుందని భయం. ఈడిత్ మాహియర్ అనే లెక్చరర్ వాళ్ల పని చూసి సలహాలిచ్చేది. ఆ తర్వాత లోయిస్ స్మోకీ అనే అమ్మాయి, జేమ్స్ ఆకియా వచ్చి చేరారు.

లోయిస్ గురించి ఒక మాట. ఇందాక అన్నాను కదా, కయోవాల్లో మనుషుల బొమ్మలు మగవాళ్లవి. ఈ అమ్మాయి ఆ గీత దాటింది. కొన్నాళ్లే ఉండి వెళ్లిపోయింది, తర్వాత పూసల పనిలో పడింది. ఆ గుంపును చాలాకాలం "కయోవా ఐదుగురు" అన్నారు. అంటే ఆమెను తీసేసి లెక్క. ఇప్పుడిప్పుడే "ఆరుగురు" అంటున్నారు. 1929లో ఫ్రాన్స్‌లో, నీస్ నగరంలో వీళ్ల బొమ్మలతో ఒక అందమైన సంపుటి వేశారు, అందులో ఆమె బొమ్మలున్నాయి. కాగితం మీద సాక్ష్యం ఉంది కాబట్టి సరిపోయింది.

జాకబ్‌సన్ 1928లో వీళ్ల బొమ్మలను ప్రాగ్‌లో ప్రదర్శనకు పంపించాడు. 1932లో వెనిస్ బినాలే అనే పెద్ద కళా ప్రదర్శనకు. ఇంటి దగ్గర ముసలి హాంగూవా క్యాలెండర్ నూరో వేసవికి చేరింది సరిగ్గా ఆ ప్రాగ్ ఏడాదే. కావాలని కుదిర్చినట్టుంది కానీ కాదు.

ఈ ఆరుగురి బొమ్మల్లో నాకో పేచీ ఉంది, దాచుకోను. రంగులు అద్భుతం, గీత కత్తిలాగ ఉంటుంది, నాట్యం చేసే మనిషి ఈకలన్నీ గాల్లో ఉంటాయి. అయితే దాదాపు ఎప్పుడూ నాట్యమే. కొనేవాళ్లకు కావలసింది నాట్యం. తాత వేసిన ఆకలి, చలిలో చచ్చిపోయిన పిల్లలు, గురి పుస్తకంలో తిరిగే టక్కరి, అవి ఇక్కడ పలచబడ్డాయి. పైగా ఆ చదును రంగుల పద్ధతే అమెరికన్ ఇండియన్ ఆర్ట్ అని ఒక ముద్ర పడింది. 1958లో ఆస్కార్ హౌ అనే డకోటా జాతి చిత్రకారుడు కొత్తగా ఏదో వేస్తే, "ఇది సంప్రదాయ ఇండియన్ చిత్రం కాదు" అని టల్సాలో ఫిల్‌బ్రూక్ మ్యూజియం పోటీలో తోసిపుచ్చారు. ఆయన మండిపడి ఉత్తరం రాశాడు. మోపోప్‌ది ఆ తప్పు కాదు లెండి. ఆయన తనకు వచ్చింది చేశాడు. వ్యవసాయం చేశాడు, వేణువు ఊదాడు, నాట్యంలో మంచి పేరు. వాషింగ్టన్‌లో ఇంటీరియర్ శాఖ భవనం గోడ మీద 1939లో పొడవాటి నాట్య చిత్రం వేశాడు. 1974లో పోయాడు. ఆయన పెంచిన మనవరాలు వెనెస్సా జెనింగ్స్ ఇప్పుడు పూసల పనిలో పేరున్న కళాకారిణి. అదీ ఇంటి పట్టానే.

చివరగా అనడార్కో పోస్టాఫీసు. మా ఇంటి నుంచి గంట ప్రయాణం. 1936, 37ల్లో మోపోప్ అక్కడ 16 చిత్రాలు వేశాడు, ఆసా, ఆకియా సాయం చేశారు. డబ్బు కేంద్ర ప్రభుత్వానిది. మాంద్యం రోజుల్లో పోస్టాఫీసుల గోడలకు బొమ్మలు వేయించే పథకం ఉండేది.

ఒక శుక్రవారం వెళ్లాను. చిన్న లాబీ. ఒక పక్క పోస్టు బాక్సుల ఇత్తడి తలుపులు, ఎదురుగా కౌంటర్. తలెత్తితే పైకప్పు కింద వరసగా మోపోప్ మనుషులు. వాటిలో పెద్దది గుంపు ఒక చోటు నుంచి ఇంకో చోటుకు తరలిపోవడం. గుర్రాల వెనక రెండు గుంజలు నేల మీద ఈడ్చుకుంటూ సామాను, పిల్లలు, అందరూ ఒకే వైపు. కొండ లేదు, మబ్బు లేదు. నేను మెడ వెనక్కి వంచి అలా చూస్తూ నిలబడితే కౌంటర్‌లో ఆవిడ "ఏం కావాలి?" అని అడిగింది. ఏమీ అక్కర్లేదంటే బాగోదని ఒక స్టాంపుల షీటు కొన్నాను. నా వెనక లైన్లో నిలబడ్డ పెద్దాయన, రెండు జడలు, ఆయిల్ కంపెనీ టోపీ, బాక్సు తాళం తీసి కరెంటు బిల్లు, ఇంకేవో కాగితాలు తీసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ నేను చూస్తున్నవైపు ఒకసారి చూసి, ఆ తరలిపోయే గుంపులో ఒక గుర్రం వైపు గడ్డంతో చూపించి, "దాని ముందు కాలు చూశారా, సరిగ్గా వేశాడు" అని బయటికి వెళ్లిపోయాడు.

స్టాంపులు ఇంకా నా పర్సులోనే ఉన్నాయి. ప్రశ్నలుంటే అడగండి. టీ వచ్చినట్టుంది, టీ తాగుతూ అయినా సరే.